ఉచిత పథకాలు, అప్పులు, కరెంటు బిల్లు: సర్కారు లెక్కను విమర్శించాలంటే ఏ కాగితాలు చూడాలి?

పెన్నా_తీరం అడిగిన ప్రశ్న

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా అప్పుల మీద, పథకాల మీద రోజూ గొడవే. నా వైఖరి ముందే చెప్తాను. రాబడికి లోబడి ఖర్చు పెట్టాలి, ఇచ్చిన మాటకు నిధులు ఎక్కడివో చూపించాలి, జనం సంపాదనలో వీలైనంత జనం దగ్గరే వదలాలి. ఈ కోణం నుంచి ఇప్పటి ప్రభుత్వాలను విమర్శిస్తే "నువ్వు ఫలానా పార్టీ మనిషివి" అంటున్నారు. అంకె చెప్తే దానికి రెట్టింపో సగమో ఇంకో అంకె తెచ్చి ముందు పెడుతున్నారు.

అందుకే తెలిసినవాళ్ళను మూడు విషయాలు అడుగుతున్నాను. ఒకే రాష్ట్రం అప్పు ఒకరి లెక్కలో 3 లక్షల కోట్లు, ఇంకొకరి లెక్కలో 6 లక్షల కోట్లు ఎలా అవుతుంది? లోటు రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం లోపలే ఉందంటే నిశ్చింతగా ఉండొచ్చా? ఈ భారం మామూలు కుటుంబం మీద ఏ దారిలో వచ్చి పడుతుంది? పార్టీల మాట వద్దు. ఏ కాగితంలో ఏ వరుస చూడాలో చెప్పండి చాలు.

పద్దుల_పుస్తకం

మొదటి ప్రశ్నకు మంచి ఉదాహరణ 2023 డిసెంబరు 20న తెలంగాణ శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం. అందులో మొత్తం అప్పు 6,71,757 కోట్లు అన్నారు. ఈ మొత్తంలో నాలుగు పొరలు ఉన్నాయి. బడ్జెట్ ద్వారా, అంటే ఎఫ్‌ఆర్‌బీఎం (లోటుకు, అప్పుకు హద్దు పెట్టే) చట్టం పరిధిలో తీసుకున్నవి 3,89,673 కోట్లు. కార్పొరేషన్ల పేరు మీద ఉన్నా, గ్యారంటీ ఇచ్చి వాయిదాలు కూడా ప్రభుత్వమే కడుతున్నవి 1,27,208 కోట్లు. ప్రభుత్వ గ్యారంటీ ఉండి వాయిదాలు మాత్రం కార్పొరేషన్లే కడుతున్నవి 95,462 కోట్లు. గ్యారంటీ లేకుండా ప్రభుత్వ సంస్థలు చేసినవి 59,414 కోట్లు.

ప్రతిపక్షం ఈ లెక్కను ఒప్పుకోలేదు, తన పత్రం తను విడుదల చేసింది. ఇద్దరి గొడవా ప్రధానంగా ఏ పొరలను కలపాలి అనేదాని మీదే. నా మటుకు మొదటి రెండు పొరలూ నిస్సందేహంగా పన్నుదారు అప్పే. మూడోదాన్ని విడిగా చూపించాలి, ఎందుకంటే కార్పొరేషన్ చేతులెత్తేసిన రోజున అది రెండో పొరలోకి వచ్చేస్తుంది. నాలుగోదాన్ని కలిపి చెప్పేవాళ్ళు కలిపినట్టు స్పష్టంగా చెప్పాలి. మీరు రాసేటప్పుడు "మొదటి రెండు పొరలు కలిపి" అని ఒక్క ముక్క చేరిస్తే అంకె మీద జరిగే వాదనలో చాలా భాగం పోతుంది.

ఎక్కడ చూడాలి అంటే:

ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కాగ్ ఏటా ఇచ్చే ఫైనాన్స్ అకౌంట్స్‌లో 6వ స్టేట్‌మెంట్ అప్పులది, 9వది గ్యారంటీలది. 17, 20 స్టేట్‌మెంట్లలో వీటి వివరాలు విడివిడిగా ఉంటాయి. బడ్జెట్ పుస్తకాల్లో అయితే పద్దు నంబర్లు పట్టుకోండి: 2049 వడ్డీలు, 2071 పింఛన్లు (ఉద్యోగులవి), 6003 రాష్ట్రం సొంతంగా తెచ్చిన అప్పు, 6004 కేంద్రం ఇచ్చిన అప్పు. ఈ నంబర్లు అన్ని రాష్ట్రాలకూ ఒకటే కాబట్టి పోల్చడం తేలిక.

సంవత్సరం మధ్యలో చూడాలంటే కాగ్ వెబ్‌సైట్‌లో ప్రతి రాష్ట్రానికీ నెలవారీ ముఖ్య సూచికల పట్టిక ఉంటుంది. ఏడాది అంచనా ఎంత, ఆ నెల దాకా వచ్చింది ఎంత, శాతం ఎంత, అన్నీ ఒకే పేజీలో. సెప్టెంబరు ముగిసేసరికి సొంత పన్నులు అంచనాలో సగానికి బాగా తక్కువ వచ్చి, అప్పు మాత్రం ఏడాది పరిమితికి దగ్గర పడిందంటే ఆ బడ్జెట్‌లో రాబడిని పెంచి రాశారన్నమాట. బడ్జెట్ ప్రసంగం కంటే ఈ పేజీ ఎక్కువ చెప్తుంది.

తరచు జరిగే పొరపాటు ఒకటి: రిజర్వు బ్యాంకు మంగళవారాల్లో జరిపే రాష్ట్ర బాండ్ల వేలంలో తెచ్చిన మొత్తాలన్నీ కూడి "ఇన్ని వేల కోట్ల కొత్త అప్పు" అని రాస్తారు. అది స్థూల మొత్తం. పాత బాండ్లకు తిరిగి కట్టిన అసలు తీసేస్తేనే నికర అప్పు. ఎదుటివాళ్ళు మొదట పట్టుకునేది ఇక్కడే.

స్వతంత్ర_59

పద్దుల_పుస్తకం గారు చెప్పిన రెండో పొర గురించి కొంచెం వివరంగా రాస్తాను. రాబడికి లోబడి ఖర్చు పెట్టాలనే సంప్రదాయవాద విమర్శకు అసలు బలం అక్కడే ఉందని నా నమ్మకం.

రాజ్యాంగం 293(3) ప్రకారం, కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం కొత్త అప్పు తేవాలంటే కేంద్రం అనుమతి కావాలి. 15వ ఆర్థిక సంఘం నికర అప్పు పరిమితిని రాష్ట్ర ఉత్పత్తిలో 2021-22కు 4 శాతం, 2022-23కు 3.5, ఆ తర్వాత 3 శాతంగా పెట్టింది. విద్యుత్ సంస్కరణలు చేస్తే 2024-25 దాకా ఇంకో అర శాతం. ఈ గీత దాటకుండా ఎక్కువ తేవాలంటే దొరికిన దారి కార్పొరేషన్. అప్పు కార్పొరేషన్ పేరు మీద, వాయిదా ఖజానా నుంచి. 2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ రాష్ట్రాలకు లేఖ రాసి, ఇలా బడ్జెట్ నుంచి తీర్చే అప్పులను రాష్ట్రం సొంత అప్పుగానే లెక్కిస్తామని చెప్పింది. కేరళ దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్తే, 2024 ఏప్రిల్ 1న కోర్టు మధ్యంతర ఊరట ఇవ్వకుండా విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి పంపింది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ చూడండి. 2022లో, వైఎస్సార్‌సీపీ హయాంలో, బెవరేజెస్ కార్పొరేషన్ బాండ్లతో సుమారు 8,300 కోట్లు తెచ్చింది. వడ్డీ 9.62 శాతం. అప్పుడు టీడీపీ దాన్ని గట్టిగా తప్పుబట్టింది. 2025లో, టీడీపీ కూటమి హయాంలో, ఖనిజాభివృద్ధి సంస్థ బాండ్లు జారీ చేసింది. వడ్డీ 9.3 శాతం, తొలి విడతలోనే సుమారు 3,489 కోట్లు. ఇప్పుడు వైఎస్సార్‌సీపీ తప్పుబడుతోంది. విమర్శించే స్థానాలు మారాయి, పద్ధతి మారలేదు. మిమ్మల్ని ఒక పార్టీ మనిషి అన్నప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి.

నష్టం ఎంతో చెప్పడం కూడా కష్టం కాదు. 2025 మేలో రాష్ట్రం నేరుగా రిజర్వు బ్యాంకు వేలంలో తెస్తే వడ్డీ 7 శాతానికి అటూ ఇటుగా ఉంది. తేడా 2 శాతమే అనుకున్నా 3,489 కోట్ల మీద ఏడాదికి దాదాపు 70 కోట్లు. ఆ 70 కోట్లతో బడి కట్టలేదు, పింఛను ఇవ్వలేదు. శాసనసభ ముందుకు రాకుండా అప్పు తెచ్చినందుకు కట్టే అదనపు వడ్డీ అది. కార్పొరేషన్‌కు నిజంగా సొంత రాబడి ఉండి దానితోనే తీరిస్తే నేను అభ్యంతరం చెప్పను. రాష్ట్రం రాబడిని సంచిత నిధిలోకి (ప్రభుత్వ రాబడి జమ అయ్యే ఖజానా) రాకముందే మళ్ళించినా, ఆ నిధి నుంచి నేరుగా తీసుకునే హక్కు అప్పిచ్చినవాడికి రాసిచ్చినా మాత్రం రాజ్యాంగం 266(1), 204 అధికరణాల స్ఫూర్తికే దెబ్బ. ప్రజాప్రతినిధి ఓటు వేయకుండా ప్రజల డబ్బు కదలకూడదన్నది చాలా పాత, చాలా విలువైన కట్టుబాటు.

మన నేలకు ఈ ఆలోచన కొత్త కాదు. 1959లో స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు దాని అధ్యక్షుడు గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. రైతు భూమి మీద, రైతు రాబడి మీద సర్కారు పెత్తనం పెరగకూడదన్నదే అప్పటి వాదన.

ట్రెజరీ_టోకెన్

రెండో ప్రశ్నకు సూటిగా జవాబు: 3 శాతం లోపల ఉన్నా నిశ్చింత కుదరదు. కారణం, ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చెల్లించిన రోజే ఖర్చు. చెల్లించకపోతే ఆ బాకీ లోటులో కనబడదు. మార్చిలో 5,000 కోట్ల బిల్లులు ఆపేస్తే ఆ ఏడాది లోటు 5,000 కోట్లు తగ్గినట్టే కాగితం మీద ఉంటుంది. పని చేసినవాడు మాత్రం అప్పు తెచ్చుకుని వడ్డీ కట్టుకుంటూ ఉంటాడు.

బిల్లు ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలి. శాఖకు బడ్జెట్ విడుదల ఉత్తర్వు, అదే బీఆర్‌ఓ, రావాలి. డ్రాయింగ్ అధికారి బిల్లు పెడతాడు, ట్రెజరీ లేదా పే అండ్ అకౌంట్స్ ఆఫీసు పరిశీలించి పాస్ చేసి టోకెన్ ఇస్తుంది. కాగితం పని అక్కడితో అయిపోయినట్టే. ఆ తర్వాత డబ్బు వదలడం ఆర్థిక శాఖ చేతిలో ఉంది. ఆ చెల్లింపులు నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ పేరు ఆంధ్రలో సీఎఫ్‌ఎంఎస్, తెలంగాణలో ఐఎఫ్‌ఎంఐఎస్. టోకెన్ పడి నెలల తరబడి డబ్బు పడని బిల్లే కనిపించని అప్పు. ఈ వరుసను దాటించడానికి పైరవీలు మొదలవుతాయి. చిన్న కాంట్రాక్టరు, మధ్యాహ్న భోజనం వండే మహిళలు, పంచాయతీలు వెనకబడతారు.

జనం మీద పడే చోట్లు ఇవి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కాలేజీ విద్యార్థి దగ్గర ఫీజు కట్టించుకుంటుంది, లేదా సర్టిఫికెట్ ఆపుతుంది. ఆరోగ్యశ్రీ బకాయిలు పేరుకుంటే ఆస్పత్రులు ఆ సేవ ఆపేస్తామని నోటీసు ఇస్తాయి. రిటైరైన ఉద్యోగికి గ్రాట్యుటీ, జీపీఎఫ్ ఆలస్యం. పథకం రద్దు కాలేదు, జీవో అమల్లోనే ఉంది, కానీ రోగి ఆస్పత్రి కౌంటర్ దగ్గర డబ్బు కట్టాల్సి వస్తుంది. ఇవ్వలేని మాట ఇవ్వడం ఎందుకు తప్పో ఇంతకంటే చూపించనక్కర్లేదు.

నగదు కటకట ఎంత ఉందో తెలిపే ఇంకో సూచిక: రిజర్వు బ్యాంకు దగ్గర చేబదుళ్ళు, ఓవర్‌డ్రాఫ్టు (చేబదులు పరిమితి కూడా దాటి వాడుకోవడం). వరుసగా 14 పనిదినాలు, మూడు నెలల్లో 36 పనిదినాలు దాటి ఓవర్‌డ్రాఫ్టులో ఉండకూడదు. ఏ నెలలో ఎన్ని రోజులు వాడుకున్నారో రిజర్వు బ్యాంకు నెలవారీ బులెటిన్‌లో రాష్ట్రాలవారీగా ఉంటుంది. అప్పుడొకసారి వాడుకుంటే తప్పు కాదు, ఆ సదుపాయం ఉన్నదే అందుకు. ప్రతి నెలా సగం రోజులకు పైన అక్కడే ఉంటే జీతాలు కూడా చేబదులుతో ఇస్తున్నారని అర్థం.

మీటర్_రీడింగ్

మూడో ప్రశ్నకు కరెంటు వైపు నుంచి. విమర్శించేవాళ్ళు ఇక్కడ తప్పులో కాలేస్తారు కాబట్టి కొంచెం జాగ్రత్త.

విద్యుత్ చట్టం 2003లో 65వ సెక్షన్ ఒకటుంది. ఏ వర్గానికైనా రాయితీ ఇవ్వదలిస్తే ప్రభుత్వం ఆ సొమ్ము కరెంటు పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, ముందుగానే కట్టాలి. కట్టకపోతే ఆ ఆదేశం చెల్లదు. ఆచరణలో ఆలస్యంగా కడతారు, కొంత మిగులుస్తారు. డిస్కం ఆ ఖాళీని బ్యాంకు అప్పుతో నింపుతుంది, ఉత్పత్తి కంపెనీలకు బాకీ పెడుతుంది. 2022 నాటి ఆలస్య చెల్లింపు నిబంధనల ప్రకారం ఆ బాకీ మీద సర్‌చార్జి స్టేట్ బ్యాంకు ఏడాది ఎంసీఎల్‌ఆర్‌కు (అప్పులకు బ్యాంకు పెట్టుకునే కనీస వడ్డీ రేటు) 5 శాతం కలిపిన రేటుతో మొదలై, ఆలస్యమయ్యే కొద్దీ పెరుగుతుంది. 2022 ఆగస్టులో బకాయిల కారణంగా 13 రాష్ట్రాల డిస్కంలను విద్యుత్ ఎక్స్ఛేంజీల్లో కరెంటు కొనకుండా ఆపినప్పుడు ఆ జాబితాలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి.

కానీ మీ బిల్లులో కనిపించే ఇంధన సర్దుబాటు చార్జీ, ట్రూ-అప్ మొత్తం ఉచిత విద్యుత్ వల్లే అనకండి. అవి ప్రధానంగా బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర అంచనా కంటే పెరిగినందుకు వచ్చే తేడాలు. ఆంధ్రలో నియంత్రణ మండలి అనుమతి కోసం ఆగకుండా యూనిట్‌కు 40 పైసల దాకా నెలనెలా వసూలు చేసుకునే వీలు ఇచ్చారు. రాయితీ బకాయి ప్రభావం వేరే దారిలో వస్తుంది: డిస్కం అప్పు పెరిగి చివరికి ఖజానాయే ఆ అప్పు నెత్తిన వేసుకోవడం. 2015 నాటి ఉదయ్ పథకంలో డిస్కంల అప్పులో 75 శాతం రాష్ట్రాలు తీసుకోవాల్సి వచ్చింది. ఇంకో దారి క్రాస్ సబ్సిడీ. పరిశ్రమ, దుకాణం ఎక్కువ రేటు కడతాయి, అది సరుకు ధరలోకి ఎక్కుతుంది.

పథకం గీసిన గీత మనిషి ప్రవర్తనను ఎలా మారుస్తుందో తెలంగాణ గృహజ్యోతిలో చూడొచ్చు. 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటితే పూర్తి బిల్లు. పైగా స్లాబు కూడా మారిపోతుంది. 2022-23 టారిఫ్ రేట్లతో లెక్కేస్తే 201 యూనిట్లకు మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున 1,020, ఆపై ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. ఎనర్జీ చార్జీ ఒక్కటే 1,027 రూపాయల 70 పైసలు, ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం వేరే. ఆ ఒక్క యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలు దాటింది. వేసవిలో కూలరు వాడే అద్దె ఇంటి కుటుంబం ఇక్కడే ఇరుక్కుంటుంది. ఇవ్వాలనుకుంటే మొదటి 100 యూనిట్లకు అందరికీ ఒకే మొత్తం తగ్గించి ఆపైన మామూలు రేటు వేయొచ్చు. అప్పుడు గీత దగ్గర పడిపోవడం ఉండదు, ఎంత ఖర్చవుతుందో ముందే తెలుస్తుంది.

వ్యవసాయ మోటార్లకు చాలావరకు మీటర్లు లేవు. వినియోగాన్ని కొన్ని ట్రాన్స్‌ఫార్మర్ల నమూనా రీడింగుతో అంచనా వేస్తారు. సరఫరా నష్టాలు, దొంగతనాలు ఆ అంచనాలో కలిపేయడానికి అవకాశం ఉంటుంది. రైతుకు ఇచ్చేది ఎంతో కచ్చితంగా తెలియాలంటే ముందు కొలవాలి. కొలవడం అంటే బిల్లు వేయడమని భయపెట్టే రాజకీయం మానితే రైతుకే మేలు.

కృష్ణా_ఆయకట్టు

అందరూ బాగా రాశారు, కానీ ఒక విషయంలో నేను విభేదిస్తాను. "ఉచితం" అనగానే అన్నిటినీ ఒక గంపలో వేస్తున్నారు. పని చేయలేని వృద్ధులకు, దివ్యాంగులకు పింఛను సంప్రదాయవాదికి శత్రువు కాదు. ఆంధ్రలో 2024 జులై నుంచి 4,000 చేసిన వృద్ధాప్య పింఛను మీద నేను అడిగే ప్రశ్న అర్హుల వడపోత గురించే.

అసలు ప్రశ్నించాల్సింది తెలంగాణ రైతు భరోసా వంటిది. ఎకరానికి ఏడాదికి 12,000, పట్టాదారు ఖాతాలోకి. పదెకరాల ఆసామికి 1,20,000. ఆ పొలాన్ని కౌలుకు తీసుకుని వాన, తెగులు, ధర అన్నీ భరించేవాడికి దాని వల్ల దక్కేది లేదు. కొన్నిచోట్ల కౌలు రేటే పెరుగుతుంది. ఎకరాల పరిమితి పెట్టి మిగిలింది పంటబీమాకు, కాలువల మరమ్మతుకు పెడితే అదే డబ్బు ఎక్కువమందికి పనికొస్తుంది.

మూలధన వ్యయం (ప్రాజెక్టుల వంటి ఆస్తుల మీద పెట్టే ఖర్చు) అనగానే చేతులు జోడించకండి, అది కూడా గుడ్డిగా మంచిది కాదు. కాళేశ్వరం మీద కాగ్ నివేదికలో ప్రయోజనం–వ్యయం నిష్పత్తి 0.52కు పడిపోవచ్చని ఉంది. రూపాయి పెడితే 52 పైసల ఫలం. 2023 అక్టోబరు 21న ఆ ప్రాజెక్టులోని మేడిగడ్డ బరాజ్‌లో పియర్లు (స్తంభాలు) కుంగాయి. దాని కోసం కార్పొరేషన్ తెచ్చిన అప్పు వాయిదాలు ఇప్పటి ప్రభుత్వం కడుతూనే ఉంది, ఇంకా చాలా ఏళ్ళు కడుతుంది. కాబట్టి "పథకాలు ఆపి ప్రాజెక్టులు కట్టండి" అనడం సరిపోదు. ఏ ప్రాజెక్టు, ఏ నిష్పత్తితో, ఎవరు తనిఖీ చేశారు అని అడగాలి.

మద్యం రాబడి గురించి ఎవరూ ఎత్తలేదు. కుటుంబం గురించి పట్టించుకునే వాళ్ళం ముందు మాట్లాడాల్సింది దాని గురించే. 0039 పద్దు ఎక్సైజ్ ఒక్కటే చూస్తే సగమే కనిపిస్తుంది, మద్యం మీద వ్యాట్ 0040లో ఉంటుంది. రెండూ కలపాలి. తెలంగాణలో 2,620 దుకాణాల దరఖాస్తు రుసుము, తిరిగి ఇవ్వనిది, 2023లో 2 లక్షలు ఉంటే 2025లో 3 లక్షలు చేశారు. ఒక చేత్తో ఇంటి ఇల్లాలికి సాయం ఇచ్చి ఇంకో చేత్తో అదే ఇంటి మగవాడి తాగుడు మీద రాబడి పెంచుకోవడం ఏ నీతి?

పెన్నా_తీరం

చాలా ఉపయోగం అయింది, అందరికీ కృతజ్ఞతలు. టోకెన్ పడి ఆగిన బిల్లుల మొత్తం ఏ పుస్తకంలోనూ లేదంటే దాన్ని బయటికి తెప్పించే మార్గం ఏమిటి? సమాచార హక్కు కింద అడిగితే "వివరాలు క్రోడీకరించి లేవు" అని తిప్పి పంపేస్తారని విన్నాను.

ట్రెజరీ_టోకెన్

అవును, పెన్నా_తీరం గారూ, మొత్తం రాష్ట్రానికి అడిగితే అదే జవాబు వస్తుంది. చిన్నగా అడగండి.

ఆర్థిక శాఖకు కాకుండా ఒక జిల్లాలో ఒక శాఖ కార్యాలయానికి పెట్టండి. ఆరోగ్యశ్రీ అయితే ట్రస్టుకు, ఫీజులైతే జిల్లా సంక్షేమ అధికారికి. "ఎందుకు చెల్లించలేదు" అని రాయొద్దు. కారణం చెప్పే బాధ్యత వాళ్ళకు లేదు, ఉన్న రికార్డు ఇచ్చే బాధ్యతే ఉంది. ఇలా రాయండి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ కార్యాలయం సమర్పించిన బిల్లుల రిజిస్టరు నకలు: బిల్లు తేదీ, మొత్తం, టోకెన్ నంబరు, టోకెన్ తేదీ, చెల్లింపు తేదీ." చెల్లింపు తేదీ గడి ఖాళీగా ఉన్నవన్నీ కూడితే మీకు కావలసిన అంకె అదే. కాలం మూడు నెలలకు మించకుండా చూసుకోండి. ఎక్కువైతే వనరులు మళ్ళించాల్సి వస్తుందని 7(9) సెక్షన్ చూపిస్తారు.

రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సగం ఇచ్చినా 19(1) కింద 30 రోజుల లోపు మొదటి అప్పీలు అదే శాఖ పై అధికారికి పెట్టండి. అక్కడా తేలకపోతే 90 రోజుల లోపు సమాచార కమిషన్‌కు. దరఖాస్తు స్పీడ్ పోస్టులో పంపి రసీదు, అది అందినట్టు ఆధారం దాచండి, గడువు లెక్క తేలాల్సింది అది అందిన తేదీ మీదే.

ఇంకో దారి మీ ఎమ్మెల్యే ద్వారా శాసనసభలో రాతపూర్వక ప్రశ్న. సమావేశాల ముందు ప్రశ్న పాఠం మీరే రాసి ఇస్తే వాళ్ళకు పని తేలిక. అందులో కూడా ఒక పథకం, ఒక ఏడాది, మూడే గడులు: మంజూరు ఎంత, విడుదల ఎంత, మార్చి 31 నాటికి బకాయి ఎంత.